దెబ్బ అవతల పడాలి

ఆ వానాకాలం మా ఇంట్లో ఒకే మనిషి ఒకే గోడలోంచి రోజుకు నూట ఇరవై సార్లు అవతలికి వెళ్ళేవాడు. పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టేసరికి మొదలుపెట్టేవాడు. సాయంత్రం మా కోడలు పని నుంచి వచ్చి చెప్పులు విప్పేదాకా వెళ్తూనే ఉండేవాడు. వెళ్ళిన ప్రతిసారీ ఢామ్మని ఒక డప్పు. ఆ డప్పుకి మా వంటింటి అలమరలో గాజు గ్లాసులన్నీ ఒకదాన్నొకటి పలకరించుకునేవి.

ఆ మనిషి సినిమాలో మనిషి లెండి. ఎంత మందపాటి గోడైనా సరే, అందులోంచి దూరి అవతల తేలగలడు. ఆ శక్తితో మంటల్లో చిక్కుకున్నవాళ్ళనీ, దొంగలు బంధించినవాళ్ళనీ కాపాడుతుంటాడు. సినిమాలో ఆయనకేదో పెద్ద పేరుంది, నాకు నోరు తిరగదు. నేను గోడలాయన అంటాను. అప్పటికే ఆయన మీద రెండు సినిమాలు వచ్చాయి, రెండూ జనం ఎగబడి చూశారు. మూడోది మా ఇంటి వెనక గదిలో నలుగుతోంది.

నలుపుతున్నది మా మనవరాలు. పసితనం నుంచీ ఏదో ఒకటి గొణుక్కుంటూ ఇల్లంతా తిరుగుతుందని మేం తుమ్మెద అంటాం. చప్పుడు బయటికి పోకుండా ఆ గదికి పరుపులు కొట్టుకుంది. మా ఇంట్లో పరుపులు గోడలకీ, మనుషులం చాపల మీదా ఉండేవాళ్ళం. మా అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే నడుం పట్టుకుని లేచి, "గోడలు మెత్తగా పడుకుంటున్నాయి, మన సంగతే చూసేవాళ్ళు లేరు" అని పనికి పోయేవాడు.

తుమ్మెద పనేమిటో కొంచెం చెప్పాలి. సినిమాకి అసలు సంగీతం తయారయ్యేలోపు బొమ్మ మూగగా ఉంటే దర్శకులకి ఏమీ తోచదట. అందుకని పాత సంగీతాలు ఎక్కడెక్కడివో తెచ్చి, ముక్కలు కోసి, బొమ్మ కింద తాత్కాలికంగా అతికిస్తారు. కొత్తది రాగానే ఇది పీకి పారేస్తారు. కొత్త చొక్కా కుట్టేదాకా పాత చొక్కాతో నెట్టుకొచ్చినట్టు. ఆరేళ్ళుగా తుమ్మెద చేసేది ఆ అతికించే పని. తన సొంత బాణీ ఒక్కటి కూడా తెరమీదికి రాలేదు.

మొదటి రెండు సినిమాలకి సంగీతం చేసిన పెద్దాయన మోచేతికి ఆపరేషన్ చేయించుకుని, ఇక నావల్ల కాదని తప్పుకున్నాడు. దర్శకుడు తుమ్మెదని పిలిచి ఒక్క అవకాశం ఇచ్చాడు. గోడలాయనకి కొత్త బాణీ కట్టాలి. ముఖ్యంగా చివర్లో వచ్చే పెద్ద గోడకి. ఆరు వారాల్లో ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి సినిమాని పరీక్షకి వేస్తారు. అప్పటికి దర్శకుణ్ణి ఒప్పిస్తే సినిమా మొత్తం సంగీతం తుమ్మెదదే, తెరమీద పేరూ తుమ్మెదదే. ఒప్పించలేకపోతే పాత సినిమాల సంగీతాన్నే తిరగేసి వాడుకుంటారు. తుమ్మెద మళ్ళీ కత్తెర పట్టుకుని అతికింపులకి పోతుంది.

రెండు వారాల్లో పదకొండు బాణీలు కట్టింది. దర్శకుడు పదకొండూ విన్నాడు.

ఆయనకి మా ఇంట్లో పేరు మళ్ళీగారు. ఏది వినిపించినా "మళ్ళీ వెయ్యి" అంటాడు, అందుకని. పొడుగాటి మనిషి, వానలో తడిసి వచ్చి, గుమ్మం దగ్గర కొంగలా నిలబడి, నేను తువ్వాలు ఇస్తే తల తుడుచుకోవడం మరిచిపోయి మెడలో వేసుకుని కూర్చునేవాడు. పన్నెండో బాణీ విన్నరోజు నేను టీ తీసుకెళ్ళి అక్కడే నిలబడ్డాను.

"ఎలా ఉంది సార్?" అంది తుమ్మెద.

"బాగుంది."

"అయితే ఇదే పెట్టేద్దామా?"

"ఊహూ."

"బాగుందన్నారుగా!"

"బాగుంది. కానీ అది కాదు."

"ఏది కాదు సార్?"

ఆయన టీ గ్లాసులోకి చాలాసేపు చూసి, "ముందుది కాదు" అన్నాడు.

నేనిక ఊరుకోలేకపోయాను. "బాబూ, ముందుదే కావాలంటే ముందుదే ఉంచుకోవచ్చుగా? ఈ పిల్ల ప్రాణం తియ్యడం దేనికి?"

"ముందుదే ఉంచితే ముందు సినిమానే మళ్ళీ తీశాననిపిస్తుంది మామ్మగారూ."

"కొత్తది పెడితే?"

"నా సినిమాలాగే ఉండట్లేదు."

"అంటే ఇల్లు మారాలి, కిటికీలోంచి మాత్రం పాత వీధే కనపడాలి. అంతేనా?"

ఆయన నవ్వాడు. పాపం మంచివాడే. తువ్వాలు మెడలో అలాగే వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. అది మా ఇంటినుంచి పోయిన మూడో తువ్వాలు.

తుమ్మెద కీబోర్డు మీద తల పెట్టుకుంది. పది మెట్లు ఒకేసారి నొక్కుకుపోయి గయ్యిమంది.

"నానమ్మా, ఇది నేను చేసుకున్నదే. మూడు నెలల క్రితం ఆ గోడ కింద మొదటి సినిమా డప్పు అతికించింది నేనే. తాత్కాలికమే కదా అని, చేతికి దొరికినదాన్ని పెట్టేశాను. ఆయన ఆ సీను దాంతో కలిపి రెండొందలసార్లు చూశాడు. ఇప్పుడు ఆయన చెవికి ఆ గోడంటే ఆ డప్పే. నేనేం పెట్టినా పరాయిదానిలాగే వినపడుతుంది."

"నువ్వు తెచ్చిన పాటే నీకు సవతి అయి కూర్చుందన్నమాట."

"అంతే."

"సవతి మొహం నేనూ చూస్తాను, పద. ఆ సినిమాలు రెండూ మొదటినుంచీ వెయ్యి."

నాకు సంగీతం రాదు. మూడో తరగతిలో పలకా బలపం వదిలేసి పనిలోకి పోయినదాన్ని. కానీ ఒకసారి విన్నది నా చెవిలోంచి పోదు. రెండు మధ్యాహ్నాలు, బయట వాన కురుస్తుండగా, నానమ్మా మనవరాలూ బఠాణీలు ఒలుచుకుంటూ రెండు సినిమాలు చూశాం. మొదటిదాంట్లో అన్నీ బూరలూ డప్పులే. గోడలాయన ఇంకా వీధి మలుపు తిరగకముందే బూరలు లేచి, ఈయన గెలుస్తాడహో అని చాటేవి. చూస్తుంటే ఒళ్ళు పొంగిన మాట నిజమే. రెండోదాంట్లో బూరలు తగ్గించి యంత్రాల చప్పుళ్ళు పెట్టారు. దడదడ, గరగర. అందులో ఆయన చెయ్యి విరిగినా నాకు జాలి వెయ్యలేదు.

"మనిషి ఆయనే. రెండో సినిమాలో మాత్రం ఎవరో ఫ్రిజ్జుని బాధపెడుతున్నట్టుందే!"

తుమ్మెద చాలారోజుల తర్వాత పకపకా నవ్వింది. "దా, నీకో తమాషా చూపిస్తాను" అని మూడో సినిమాలో ఒక చిన్న ముక్క వేసింది. గోడలాయన ఒక ఖాళీ వరండాలో నడుచుకుంటూ వస్తాడు, అంతే. మొదట కింద వయొలిన్ పెట్టింది. అయ్యో, ఈయనకి ఎవరో పోయారు అనిపించింది. అదే ముక్కకి గిటారు పెట్టింది. ఎవరినో కలుసుకోబోతున్నాడు. సన్నగా ఒకే మోత మోగించి వదిలింది. తలుపు వెనక ఎవరో కత్తి పట్టుకుని ఉన్నారు. చివరికి పిల్లల గిలక్కాయ చప్పుడు పెట్టింది. ఆయన అంత పెద్ద మనిషీ స్నానాల గది ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అయిపోయాడు.

"నడక మార్చావా?"

"నేనేమీ ముట్టుకోలేదు. మారింది నువ్వే."

ఇంత పని చేసే పిల్లని మనం పాటలు అతికించే పిల్ల అనుకుంటున్నామా అని నాకు సిగ్గేసింది. అక్కడితో ఆగకుండా పెద్ద గోడ సీను వెయ్యమన్నాను. రోజూ వంటింట్లోంచి వినడమే గానీ కూర్చుని చూసింది లేదు.

సొరంగం కూలిపోయింది. అవతల గోడలాయన సొంత చెల్లెలు చిక్కుకుపోయింది. ఈ సినిమాలో ఆయనకి వయసు మళ్ళింది, గోడ దాటిన ప్రతిసారీ కొంత శక్తి పోతోంది. ఇంత మందం రాయి ఎప్పుడూ దాటలేదు. అరచెయ్యి రాతికి ఆనించి, కళ్ళు మూసుకుని లోపలికి వెళ్తాడు. ఢాం! ఆ తర్వాత నలభై సెకన్ల పాటు తెరమీద రాయి తప్ప ఏమీ ఉండదు. ఆ రాయి మీదే బూరలూ డప్పులూ దంచి, దంచి, ఆఖరికి అవతలివైపు చెయ్యి బయటికొస్తుంది.

"ఆపు. ఆ ఢాం ఎందుకు?"

"గోడ తగిలింది కదా నానమ్మా."

"తగిల్తే ముక్కు పగలాలిగా?"

తుమ్మెద నా వంక చూసింది.

"ఒక్క పెచ్చైనా రాలలేదు చూడు. ఆయన గోడలు బద్దలుకొట్టే మనిషి కాదే, దూరే మనిషి. మూడు సినిమాలనుంచీ మీరంతా కలిసి బద్దలుకొట్టేవాడి డప్పు తెచ్చి ఈయనకి వాయిస్తున్నారు!"

"మరి గోడలోంచి దూరితే ఎలాంటి చప్పుడవుతుంది?"

"నన్నడుగుతావేం, నేనెప్పుడైనా దూరానా?" అని లేచాను. బఠాణీ తొక్కలు ఎత్తి వంటింట్లోకి వెళ్ళాను. చెత్తబుట్టలో పోస్తూ పోస్తూ ఆగిపోయాను. నేను దూరలేదు. దూరేదాన్ని మాత్రం ఇరవయ్యారేళ్ళు చూశాను.

నేను నేత మిల్లులో పనిచేశాను. పెద్ద షెడ్డులో నలభై మరమగ్గాలు. మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాలు పడుగు. అవి వేలల్లో ఉంటాయి. సగం పైకి లేస్తాయి, సగం కిందికి దిగుతాయి. మధ్యలో బెత్తెడు సందు. ఆ సందులోంచి నాడె పోతుంది. నాడె అంటే చిన్న పడవలాంటి చెక్కముక్క, దాని కడుపులో నూలు. ఇటు పెట్టెలోంచి బయల్దేరి అటు పెట్టెలో పడాలి.

తిరిగొచ్చి రెండు కుర్చీల మధ్య దారాలు వరసగా కట్టాను. నాడె లేదు కాబట్టి దువ్వెన తీసుకున్నాను.

"ఇదిగో చూడు. ఇన్ని పోగుల్లోంచి పోతుంది, ఒక్కదాన్నీ తెంపదు. పోయేటప్పుడు సుయ్‌మంటుంది, అంతే. అవతల పెట్టెలో పడగానే టక్. విసిరినప్పుడూ చప్పుడవుతుంది గానీ మేమెవరం అది వినేవాళ్ళం కాదు. మా ప్రాణమంతా అవతలి టక్ మీదే. అది వినపడలేదనుకో, నాడె మధ్యలో ఇరుక్కుందని లెక్క. మగ్గం మూసుకుంటే వందల పోగులు పుటుక్కున తెగుతాయి. ఆ సుయ్‌కీ ఈ టక్‌కీ మధ్య రెప్పపాటే, కానీ గుండె గొంతులోకి వచ్చేసేది."

తుమ్మెద దువ్వెన తీసుకుని దారాల మధ్యలోంచి తను పంపింది. మళ్ళీ పంపింది. కుర్చీ చెక్కకి దువ్వెన తగిలి చిన్నగా టక్‌మంది.

"అయితే దెబ్బ గోడ దగ్గర కాదు" అంది మెల్లగా.

"అవతల పడాలి. ఇవతలే పడిపోతే ఇక చూడ్డానికేముంది?"

తర్వాత నాలుగు రోజులు వెనక గదిలోంచి చప్పుడు లేదు. మా కోడలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా మిషన్ రొద విని విని ఇంట్లో నిశ్శబ్దం కోసం మొహం వాచి ఉండేది. అలాంటిది ఆ నిశ్శబ్దానికి బెంబేలెత్తిపోయింది.

"అత్తయ్యా, అది అన్నం తింటోందా?"

"తింటోంది."

"ఏడుస్తోందా?"

"లేదమ్మా. దువ్వెనతో ఆడుకుంటోంది."

"అయ్యో దేవుడా!" అని తలుపు సందులోంచి చూసొచ్చింది. "నిజమే అత్తయ్యా, దారాలు కూడా ఉన్నాయి! మీరేమైనా చెప్పారా దానికి?"

"నేనేం చెప్తాను, చదువురాని దాన్ని."

"మీరు అలా అన్నప్పుడే నాకు భయం" అంది మా కోడలు.

అయిదో రోజు తుమ్మెద అన్ని వాద్యాలూ కీబోర్డులోనే పలికించి, మా ఇద్దర్నీ పిలిచి వినిపించింది. ముందు వయొలిన్లన్నీ కలిసి ఒకే స్వరం పట్టి నిలబడతాయి, సాగదీసిన పడుగులా. కదలవు. ఆ నిలకడలోంచి ఒకే ఒక్క క్లారినెట్ గది ఎడమమూల నుంచి బయల్దేరి, ఎక్కడా ఎవరినీ ఒరుసుకోకుండా, కుడిమూలకి ప్రయాణం చేస్తుంది. నలభై సెకన్లు. చేరిందో లేదో తెలియని చోట ఒక్క క్షణం అంతా ఆగి, చెక్క మీద చెక్క తగిలినట్టు టక్. అప్పుడు లేచాయి బూరలు. అవే బూరలు, కాకపోతే ఆయన బయటపడ్డాక.

మా కోడలు కూర్చున్న కుర్చీ చేతులు రెండూ పట్టుకుని ఉంది, పళ్ళు పీకే కుర్చీలో ఎవరో ఆమెనే కూర్చోబెట్టినట్టు. తర్వాత, "బయటికొచ్చాడు కదా?" అని అడిగింది. అక్కడ బొమ్మ కూడా లేదు, ఉత్త పాటే.

అంతా బాగుంది గానీ, వాయించేవాళ్ళు మనుషులు కదా. పెద్ద హాల్లో నలభైమందిని కూర్చోబెట్టి రికార్డింగు పెట్టిన రోజు నన్నూ తీసుకెళ్ళింది. క్లారినెట్ మాస్టారు కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అమ్మాయ్, నలభై సెకన్లు ఒకే ఊపిరా? ఇది మనిషికి రాశావా, లారీ టైరుకి రాశావా?"

"మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆయన గోడలో ఆగిపోయినట్టుంటుంది మాస్టారూ."

"తీసుకోకపోతే నేను ఆగిపోతాను. శాశ్వతంగా."

హాలంతా నవ్వారు. రెండుసార్లు ప్రయత్నించాడు, పాపం. ముప్పయ్యో సెకనుకి మొహం కందిపోయింది. తుమ్మెద పెదవి కొరుక్కుంటోంది. నన్ను కూర్చోబెట్టిన అద్దాల గదిలోంచి నేను బయటికొచ్చి దాని పక్కకి చేరాను.

"మగ్గానికి ఇటొక పెట్టె, అటొక పెట్టె ఉంటుందే. ఇటునుంచి విసిరింది అటు అందుకోవాలి. ఈయనొక్కడే విసిరి ఈయనే పరిగెత్తి పట్టుకోవాలంటే ఎలా?"

తుమ్మెద చటుక్కున తిరిగి, "ఇంకో క్లారినెట్ ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది.

వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. మాస్టారి భార్యే. ఆవిణ్ణి హాలుకి కుడిచివర కూర్చోబెట్టి, మాస్టార్ని ఎడమచివర కూర్చోబెట్టారు. సగం దారిలో ఆయన వదిలే స్వరాన్ని ఆవిడ అతుకు తెలియకుండా అందుకోవాలి.

"కుదురుతుందా అమ్మా?" అని అడిగాను.

"ముప్పయ్యేళ్ళనుంచి ఆయన మాట మధ్యలోనే అందుకుంటున్నానండీ. ఊపిరి ఎంతసేపు!" అంది ఆవిడ.

మొదటిసారికే కుదిరింది. ఆయన ఎక్కడ వదిలాడో ఆవిడ ఎక్కడ అందుకుందో, నా చెవికి కూడా దొరకలేదు.

మళ్ళీగారు ఆ సాయంత్రం వచ్చి విన్నాడు. "మళ్ళీ వెయ్యి" అన్నాడు. వేశారు. మూడోసారీ వేశారు. తర్వాత మెడ రుద్దుకుంటూ, "బాగుంది. కానీ జనం చప్పట్లు కొట్టే చోట డప్పు లేకపోతే ఎలా? రెండు సినిమాల్లోనూ అక్కడే కొట్టారు కదా. అక్కడ హాలు చప్పగా ఉంటే నా పని అయిపోయినట్టే" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. తుమ్మెద నా చెయ్యి నొక్కింది.

"పరీక్షరోజు రెండు ఆటలు వేద్దాం. ఉదయం మీ డప్పుతో వెయ్యండి. మధ్యాహ్నం నా బాణీతో. ఏది మంచిదో హాలే చెప్తుంది. ఉదయందే బాగుంటే నేను మారు మాట్లాడను, ఆ డప్పుని నా చేత్తోనే శుభ్రంగా అతికించి ఇస్తాను."

ఆరేళ్ళలో ఆయనతో సార్ అనకుండా అది మాట్లాడడం అదే మొదటిసారి. మళ్ళీగారు కూడా గమనించినట్టున్నాడు. "సరే" అన్నాడు, ఒక్కసారే.

పరీక్షరోజు వాన కాస్త తెరిపిచ్చింది. రెండు ఆటలకీ మూడేసి వందలమంది. సినిమావాళ్ళు కారు, దారినపోయే జనం. చివర్లో అభిప్రాయం రాయడానికి తలా ఒక కాగితం ఇచ్చారు. నేనూ మా కోడలూ రెండు ఆటలకీ కూర్చున్నాం. మా కోడలు పనికి సెలవు పెట్టింది, పన్నెండేళ్ళలో జ్వరం లేకుండా పెట్టిన మొదటి సెలవు.

ఉదయం ఆట. గోడలాయన చెయ్యి ఆనించాడు, ఢాం! హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, చప్పట్లు. మళ్ళీగారు వెనక గోడకి ఆనుకుని ఊపిరి వదలడం నేను చూశాను. మా కోడలు నా చెవిలో, "అయిపోయిందా అత్తయ్యా?" అంది. నేను హాలు వైపు చూస్తూ కూర్చున్నాను. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టి, వెనక్కి వాలారు. తెరమీద రాయి, డప్పులు మోగుతూనే ఉన్నాయి. నా ముందు వరసలో ఒకాయన పాప్‌కార్న్ పొట్లం అడుగున చెయ్యిపెట్టి వెతుక్కున్నాడు. ఇద్దరమ్మాయిలు ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. అవతల చెయ్యి బయటికొచ్చినప్పుడు సగంమంది తెరవైపు చూడనేలేదు. చూడాల్సిన పనేముంది? గెలిచాడని అప్పుడే డప్పు చెప్పేసిందిగా.

మధ్యాహ్నం ఆటకి తుమ్మెద వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది. దాని చేతులు నేనొకటీ వాళ్ళమ్మొకటీ పట్టుకున్నాం.

గోడలాయన చెయ్యి ఆనించాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

చప్పట్లు లేవు. ఒక్క ఈల లేదు. వెనక గోడ దగ్గర మళ్ళీగారు కదిలిన చప్పుడు కూడా వినిపించింది. తెరమీద రాయి. వయొలిన్లు నిలబడ్డాయి. ఎడమవైపు ఎక్కడో క్లారినెట్ బయల్దేరింది. అప్పుడు నేనొకటి చూశాను. నా ముందు కూర్చున్న వరసల్లో తలలన్నీ ఎడమవైపుకి తిరిగి ఉన్నాయి. తెరమీద ఏమీ లేదు, ఉత్త రాయి. అయినా ఆ తలలన్నీ మెల్లగా, ఎవరో పట్టి తిప్పుతున్నట్టు, ఎడమనుంచి మధ్యకి, మధ్యనుంచి కుడికి తిరుగుతున్నాయి. మూడొందలమందీ ఆయన్ని రాతిలో చూస్తున్నారు. ఒకావిడ పొట్లంలో చెయ్యిపెట్టి అలాగే ఉండిపోయింది. క్లారినెట్ సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగింది. హాల్లో ఊపిరి చప్పుడు లేదు.

టక్.

చెయ్యి బయటికొచ్చింది. బూరలు లేచాయో జనం లేచారో ముందు ఏది లేచిందో చెప్పలేను. నా పక్క వరసలో ఒక పెద్దమనిషి కుర్చీలోంచి లేచి, ఎవరూ తెలియని జనం మధ్య, "వచ్చాడ్రా!" అని అరిచాడు. చెల్లెలు ఆయన్ని వాటేసుకునేదాకా, ఆ తర్వాత కూడా చప్పట్లు ఆగలేదు. వాళ్ళు మాట్లాడుకున్న రెండు మాటలు ఎవరికీ వినపడలేదు. తుమ్మెద మాత్రం చప్పట్లు కొట్టలేదు. దాని చేతులు రెండూ మా దగ్గరే ఉండిపోయాయి.

ఆట వదిలాక జనం కాగితాలు డబ్బాలో వేసి వెళ్తుంటే మేం వరండాలో నిలబడ్డాం. మళ్ళీగారు మా వైపు వచ్చాడు. కాగితాల డబ్బా చంకలో ఉంది, మూత కూడా తియ్యలేదు. తుమ్మెద వంక చూడకుండా నన్నడిగాడు.

"మామ్మగారూ, మీరు రెండు ఆటలూ చూశారు కదా. ఉదయం చప్పట్లు ఎవరికి కొట్టారు?"

"గోడకి బాబూ."

"ఇప్పుడో?"

"ఆయనకి."

వాన మళ్ళీ మొదలైంది. మళ్ళీగారు డబ్బా తుమ్మెద చేతిలో పెట్టి, "ఇంకా నాలుగు చిన్న గోడలున్నాయి సినిమాలో. వాటి దగ్గర కూడా ఆ డప్పు తీసెయ్యి. సోమవారానికల్లా" అన్నాడు.

"మళ్ళీ వినరా?" అంది తుమ్మెద.

"అక్కర్లేదు."

ఆ మాటకి మా కోడలు నడివరండాలో, అందరూ చూస్తుండగా, ఆయనకి దణ్ణం పెట్టేసింది. ఆయన బిత్తరపోయి తనూ పెట్టాడు.

వానలు వెనకబట్టి ఎండలు కాసేసరికి సినిమా వచ్చింది. మొదటిరోజు మొదటి ఆటకి మేం నలుగురం వెళ్ళాం. మా అబ్బాయి వంటిమీద ఇస్త్రీ చొక్కా చూడడం నాకు అదే మొదలు. ఆ హాలు పరీక్ష హాలుకి మూడింతలుంది. పెద్ద గోడ దగ్గర వెయ్యిమంది తలలు ఎడమనుంచి కుడికి తిరిగాయి. మా అబ్బాయి తల అందరికన్నా ముందు తిరిగింది. టక్‌మనగానే హాలు పైకప్పు లేచిపోయినంత పనైంది.

సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం ఎప్పటిలాగే లేచి, సంచులు వెతుక్కుంటూ, తోసుకుంటూ బయల్దేరారు. తెరమీద పేర్లు పైకి పోవడం అప్పుడే మొదలైంది. కెమెరావాళ్ళవీ, బట్టలు కుట్టినవాళ్ళవీ.

మా కోడలు లేచింది. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడి ఎరగదు. మా వరస చివరికి వెళ్ళి దారికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఎక్కడికండీ? కూర్చోండి! ఇంకా అవ్వలేదు!"

"అయిపోయిందిగా అమ్మా" అన్నాడు ఒకాయన.

"అవ్వలేదని చెప్తున్నానా! ఇంకో నిమిషం. కూర్చోండి!"

పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరవమన్నా, మూయమన్నా జనం వినే గొంతు అది. వరస మొత్తం కూర్చుంది. ఏమిటో ఉందనుకుని వెనక వరసవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళని చూసి, గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగి నిలబడ్డారు. పేర్లు పైకి పోతున్నాయి. నాకు చదవడం నిదానం. ఒక్కో అక్షరం పట్టుకుని పోతే తప్ప మాట కాదు. కానీ అది రాగానే పట్టుకున్నాను. సంగీతం అని ఒక వరస, దాని కింద ఒక్కటే పేరు, మా ఇంటిపేరుతో సహా.

"ఎవరండీ అది?" అన్నాడు ఇందాకటి ఆయన.

మా కోడలు చేతులు దించి, వెయ్యిమందికీ వినపడేలా చెప్పింది.

"మా అమ్మాయి!"